ఇంజను రెండు నిమిషాలు నడవనియ్యి

మా అన్న దస్తగిరి చివరిగా చేసిన పని ఇంటిముందు కారు ఆపడం. కారు ఆపాడు గాని ఇంజను ఆపలేదు. అందులో వింతేమీ లేదు. తొమ్మిదేళ్లుగా కొత్తకోటలో ఆయన ఎక్కడ కారు ఆపినా ఇంజను ఇంకో రెండు నిమిషాలు నడిచేది. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకొని అందులోనే కూర్చునేవాడు. పెళ్లికి పోయినా అంతే, మయ్యత్‌కు పోయినా అంతే.

1998 ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. వనపర్తి కిరాయి దింపి వచ్చాడు. నాయిన గేటు పక్కన మంచం మీద కూర్చొని ఉన్నాడు. మాది పక్కిల్లే. నేను గోడకు ఇవతల నీడలో మా బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వదిన అన్నం పెట్టి కంచం మీద మూత వేసింది.

అయిదు నిమిషాలయ్యాక నాయిన అన్నాడు, "అయినయిరా రెండు నిమిషాలు."

ఇంజను నడుస్తూనే ఉంది.

పది నిమిషాలకు, "పెట్రోలు బాయిలకెళ్లి చేదుకొస్తున్నవారా," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తల ఎత్తకుండానే ఇంకో పేపరు దిద్దాను. పావుగంటకు నాయిన చెప్పులు వెతుక్కుని లేచి, కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. అన్న అంతకు ముందే పోయాడు.

డాక్టరు గుండె అన్నాడు. ఊరు మాత్రం టర్బో అంది.

ఆ టర్బో కథ 1989లో మొదలైంది. మా నాయిన అహ్మద్ అలీకి ఒక అంబాసిడర్ ఉండేది. దాన్ని ఇరవై ఏళ్లు కిరాయికి తిప్పి అన్న చేతికిచ్చాడు. ఇచ్చాడే గాని పూర్తిగా ఇవ్వలేదు, రోజూ పొద్దున బానెట్ ఎత్తి చూసేవాడు. ఆ ఏడు కంటి ఆపరేషన్‌కని హైదరాబాదులో పది రోజులు దవాఖానలో ఉండాల్సి వచ్చింది. అన్నకు అంతకన్నా మంచి ముహూర్తం దొరకలేదు. నాయినను చూడబోయిన రోజే అటునుంచి అటు పాత సామాన్ల బజారుకు పోయి, ఓడలో వచ్చిన జపాను ఇంజను ఒకటి లారీ మీద తెచ్చాడు. ఆ రోజుల్లో అంబాసిడర్లకు విదేశీ డీజిల్ ఇంజన్లు పెట్టడం ఉన్నదే. మా అన్న తెచ్చింది పెట్రోలుది, పైగా టర్బోది.

కొత్తకోట సడక్ మీద షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఏసోబు, అన్న కలిసి ఎనిమిది రోజులు కష్టపడి దాన్ని అంబాసిడర్‌లో ఇరికించారు. బానెట్ మూతపడలేదు. దానికి రంధ్రం కోసి, పైన వదిన బియ్యం కడిగే గిన్నెను బోర్లించి బిగించారు. వదిన మూడు రోజులు ఆ గిన్నె కోసం వెతికింది.

నాయిన కంటికి పచ్చగుడ్డ కట్టుకొని వచ్చాడు. ఒంటికంటితో బానెట్ మీది గిన్నెను చూశాడు.

"ఇదేందిరా?"

"కొత్త ఇంజన్ నాయినా. పద్దెనిమిది వందల సీసీ. నూట ముప్పై అయిదు గుర్రాల బలం."

"పాతదానికి ఎన్ని గుర్రాలుండె?"

"యాభై."

"యాభై గుర్రాలతోనే నీకు, నీ చెల్లె షరీఫాకు పెండ్లి చేసిన. ఇల్లు కట్టిన. నూట ముప్పై అయిదు గుర్రాలేసుకొని నువ్వు యాడికి పోతవురా, వనపర్తికేనా?"

"బలం సంగతి కాదు నాయినా, భరోసా సంగతి. రెండు లక్షల కిలోమీటర్లు ఇప్పే పనే లేదు. కాయితంల ఉన్నది."

ఆ కాగితం ఇంజనుతో వచ్చిందే. నిండా జపాను అక్షరాలు, మధ్యమధ్య అంకెలు. నాయిన దాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకొని, తర్వాత దూరంగా పెట్టి చూశాడు.

"భరోసా అని యాడ రాసిండ్రు?"

అన్న కాసేపు వెతికి ఒక లైను మీద వేలు పెట్టాడు. "గిది."

నాయిన కాగితం తిరిగి ఇచ్చేశాడు. "రెండు లక్షలు వద్దులే. లక్ష తిరగనియ్యి. ఇంజన్ మీద పానా పడొద్దు. గప్పుడు ఎక్కుత. అప్పటిదాక నేను బస్సులనే పోత."

పక్కన నిలబడ్డ ఏసోబు మెల్లగా అడిగాడు, "నూనె మార్చొచ్చునా మామా?"

నాయిన ఆలోచించాడు. "నూనె మార్చు. ప్లగ్గులు తుడువు. బోల్టు ఇప్పినవంటే లెక్క మళ్లీ సున్నకెళ్లి."

ఏసోబు మీటరును సున్నాకు తిప్పాడు. నాయిన మాటతో అన్న బతుకంతా ఆ మీటరు మీదకు చేరింది. ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. నాయిన వచ్చి ఒక్కసారి ముందు సీట్లో కూర్చుంటే చాలు.

టర్బో అంటే ఏమిటో అన్న నాకు ఒకసారి చెప్పాడు. ఇంజనులోంచి బయటికి పోయే పొగను ఊరికే పోనివ్వకుండా దానితో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రం ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండి బలం పెరుగుతుంది. చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. కారు ఆపగానే ఇంజను బంద్ చేస్తే నూనె ఆగిపోతుంది గాని కాగిన చక్రం వెంటనే ఆగదు, అందులో మిగిలిన నూనె మాడి బొగ్గవుతుంది. అందుకని ఇంజను అమ్మినవాడు ఒకే ఒక మాట చెప్పి పంపాడు: బండి ఆపినంక రెండు నిమిషాలు నడవనియ్యి. అన్న దాన్ని నమాజులాగా పట్టుకున్నాడు.

టర్బో పూర్తి బలం చూపాలంటే బండి మంచి వేగం మీద ఉండాలి. మా దగ్గర బర్రెలు, ఎడ్లబండ్లు, జీపులు దానికి సందు ఇచ్చేవి కావు. పెబ్బేరు దాటాక సడక్ ఖాళీగా దొరికేది. ఊళ్లో సన్నగా వినిపించే దాని ఈల అక్కడ పెద్దదై, అంబాసిడర్ ఉన్నట్టుండి ముందుకు దూకేది. కూరగాయలమ్మే గోవిందమ్మ ఒకసారి టమాటా గంపలతో ఆ దూకుడులో చిక్కుకుంది. దిగాక ఆమె చింతచెట్టు పట్టుకొని నిలబడి, "దస్తగిరీ, నేనొచ్చిన గని నా కడుపు పెబ్బేరులనే ఉన్నదిరా. రేపు పోయినప్పుడు పట్కరా," అంది.

నాయిన మాట మీదే నిలబడ్డాడు. కర్నూలుకు పోయినా, మహబూబ్‌నగర్‌కు పోయినా బస్సే. అన్న ఖాళీ కారుతో ఆ బస్సు వెనకే పోయేవాడు. ఒకసారి బీచుపల్లి దగ్గర బస్సు ఆగిపోయింది. అన్న మొహం వెలిగిపోయి ఉంటుంది. కారు పక్కన పెట్టి తలుపు తీశాడు. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు, చివరికి కండక్టరు కూడా ఎక్కి కూర్చున్నారు. నాయిన మాత్రం ఆగిన బస్సులో కిటికీ పక్కనే ఉండిపోయాడు.

"నాయినా, రా."

"ఎంతయింది మీటరు?"

"నలభై రెండు వేలు."

"పో మరి. ఇంకా దూరమున్నది."

బస్సు బాగయ్యేదాకా మూడు గంటలు ఆయన అందులోనే ఉన్నాడు. డ్రైవరు తెచ్చిన చాయ్ ఇద్దరూ తాగారట.

ప్రతి శుక్రవారం నమాజు నుంచి వస్తూ నాయిన కారు కిటికీ దగ్గర వంగి మీటరు చూసేవాడు. తలుపు మీద చెయ్యి వేసేవాడు కాదు.

1993లో, డెబ్బై ఒక్క వేల దగ్గర, దసరాకు వారం ముందు, జడ్చర్ల పోయి వస్తుంటే వెనక నీలంగా పొగ లేచింది. టర్బో లోపలి సీలు పోయింది. ఏసోబు కిందికి దూరి చూసి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"అన్నా, గిది బాగు కాదు. కొత్తది ఈ దేశంల దొరకదు. ఊడదీసి పైపు అతికిస్త. ఇంజన్ నడుస్తది. గుర్రాలు మాత్రం పోతయి."

"ఎన్ని ఉంటయి?"

"గాడిదలతోని లెక్కేసుకో."

అన్న తల పట్టుకున్నాడు. ఏసోబు ఓదార్చబోయాడు. "ఇంజన్ ఇప్పుతలేం గదనే. ఇంజన్ పక్కన బిగించిందాన్ని ఇప్పుతున్నం."

"మా నాయినకు చెప్పు గా మాట."

"నేను చెప్పను."

ఊడదీశారు. అన్న ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి నాకొక్కదానికే చెప్పాడు. నాయిన దగ్గర ఒప్పుకుంటానన్నాడు. వద్దన్నది నేనే. "ఇంకా ఇరవై తొమ్మిది వేలే ఉన్నయి గదన్నా. లక్ష కానియ్యి. ఆయన ఎక్కినంక చెప్పొచ్చు," అన్నాను.

ఆ రోజు నుంచి కారులో టర్బో లేదు, రెండు నిమిషాలు మాత్రం మిగిలాయి. అవి కూడా మానేస్తే నాయినకు అనుమానం వస్తుందని అన్న భయం. లేని చక్రం చల్లబడడానికి ఎండలో, వానలో, వాకిట్లో కంచం ఎదురు చూస్తుండగా ఆయన కూర్చునేవాడు. పెబ్బేరు దాటాక కారు దూకడం మానేసింది. ఎడ్లబండి వాళ్లు జాలిపడి పక్కకు తప్పుకునేవాళ్లు. గోవిందమ్మ మాత్రం, "ఇప్పుడు నీకు బుద్ధొచ్చింది బిడ్డా," అని గంపలతో రోజూ ఎక్కింది.

ఆ రోజుల్లోనే నాయిన మంచం పెరటి వేపచెట్టు కింది నుంచి గేటు పక్కకు మారింది. ముసలితనంలో గాలి తగిలే జాగా కావాలనుకున్నాం.

1995 నవంబరులో మీటరు లక్ష దాటింది. శుక్రవారం నాయిన వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు. ఇంట్లోకి పోయి తెల్లచొక్కా తొడుక్కొని, టోపీ పెట్టుకొని వచ్చి, ఆరేళ్ల తర్వాత ఆ తలుపు మీద చెయ్యి వేశాడు. నేను వెనక సీట్లో ఎక్కాను.

బీచుపల్లి వంతెన దాకా పోయి వచ్చాం. ఎత్తు వచ్చిన ప్రతిచోటా కారు ఆయాసపడింది. ఒక సైకిలాయన మమ్మల్ని దాటిపోతూ సలాం చేశాడు. నాయిన తిరుగు సలాం చేశాడు.

"నిదానమున్నది," అన్నాడు నాయిన కొంచెం సేపటికి. "మంచిగున్నది."

ఇంటిముందు ఆగాక అన్న ఇంజను బంద్ చేయలేదు. నాయిన కూడా దిగలేదు. ఇద్దరూ ముందుకు చూస్తూ రెండు నిమిషాలు కూర్చున్నారు. నేను దిగి తలుపు నెమ్మదిగా వేశాను. అన్న ఇప్పుడు చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. మరుసటి శుక్రవారం కూడా చెప్పలేదు. నాతో మాత్రం రెండున్నరేళ్లు అదే మాట. "నాయినను దగా చేసి ఎక్కించిన షరీఫా. నా మొకం చూస్తే తెలుస్తదేమో." నేను ప్రతిసారీ, "ఇప్పుడు చెప్పి ఆయన మనసెందుకు ఇరగ్గొడుతవు, ఊకో," అనేదాన్ని.

అన్న పోయిన నలభయ్యో రోజు, వచ్చినవాళ్లందరూ తిని వెళ్లాక, నేను నాయిన మంచం దగ్గర కూర్చొని మొత్తం చెప్పేశాను. నీలం పొగ, ఏసోబు అతికించిన పైపు, వద్దని ఆపిన నా మాట.

నాయిన వాకిట్లో నిలబెట్టిన కారును చూస్తున్నాడు. బానెట్ మీది గిన్నె మీద కోడి నిద్రపోతోంది.

"నాకెరుకే బిడ్డా," అన్నాడు. "ఆ బండి వనపర్తి చౌరస్త కాడ మలిగితే పెరట్ల నాకు ఈల ఇనొచ్చేది. ఇనంగనే మీ వదినకు అన్నం పెట్టమని చెప్పేటోన్ని. గా దసరా నుంచి ఇనపడకపాయె. ఎప్పుడొస్తున్నడో తెల్వక, మంచం గేటు కాడికి ఏసుకున్న."