కాల్చిన అక్షరం

వీధిలో ఆయన ఎదురుపడితే ‘మాస్టారూ’ అంటారు, మలుపు తిరిగాక ‘అచ్చుతప్పులు’ అంటారు. ఆయన మాస్టారేం కాదు. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని దిద్దుడు రోగం వదల్లేదు. ఇస్త్రీ బండి మీద ‘ఇస్తిరి’ అని రాసి ఉందని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి బండివాడికి పాఠం చెప్పాడు. వాడు పెట్టె పక్కన పెట్టి మరీ విని, “ఎట్లా రాసినా ముడతలు పోతున్నాయి కదండీ” అన్నాడు. ఇంకోసారి వీధి చివర ఒక పెద్దాయన పోతే పలకరించడానికి వెళ్ళి, ఫొటో కింద ‘శ్రద్దాంజలి’ అని ఉండటం చూసి ఆగలేకపోయాడు. “మనిషి ఎలాగూ పోయాడు, ఒత్తు కూడా పోవాలా?” అని పోయినాయన కొడుకునే అడిగాడు. ఆ కొడుకు ఇప్పటికీ ఈయన కనిపిస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు.

ఇంట్లో ఇల్లాలు నోరు తెరిస్తే చాలు, “నువ్వాగు” అంటాడు. కోపంతో కాదు, ఊతపదం. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఎందుకు ఆగాలో తెలియక ఏడ్చేది. తర్వాత్తర్వాత ఆగడంలో సుఖం కనిపెట్టింది. ఆగి చూసేవాళ్ళకు తమాషా బాగా కనిపిస్తుంది. ఈయన గారితో కాపురంలో తమాషాకేం కరువు?

కూతురి దగ్గర మాత్రం పప్పులుడకలేదు. అల్లుడి ఉద్యోగం పోయిన రోజున ఆ పిల్ల ఫోన్ చేసి, “నాన్నా, ఆయన్ని తీసేశారు. పొద్దుట్నుంచి దుక్కం ఆగట్లేదు నాన్నా” అంది. ఈయన గొంతు సవరించుకుని, “దుక్కం కాదమ్మా, దుఃఖం. మధ్యలో విసర్గ ఉంది, దాన్ని పలకాలి” అన్నాడు. అవతల చప్పుడు లేదు. విసర్గ పలకడం సాధన చేస్తోంది కాబోలు అనుకుని ఎదురుచూశాడు. ఫోన్ ఎప్పుడో పెట్టేసిందని భార్య చెప్పాల్సి వచ్చింది.

ఆనాటినుంచి కూతురి ఫోన్లన్నీ తల్లికే. అల్లుడికి ఇంకో ఉద్యోగం దొరికింది, వాళ్ళు ఊరి అవతల వేరే ఇంట్లో దిగారు, తల్లి బస్సెక్కి వెళ్ళి చూసి కూడా వచ్చింది. ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఈయన అడిగాడు.

“నన్ను రమ్మందా?”

“రావద్దని అనలేదు.”

ఆ వాక్యాన్ని ఎటు తిప్పి చదివినా అందులో పిలుపు దొరకలేదు ఆయనకు. కూతురంటే ప్రాణం. దానికి అక్షరాలు దిద్దించింది ఆయనే, దాని మీద బెంగతో రెండు ముద్దలు తక్కువ తింటున్నదీ ఆయనే. ‘తప్పయిపోయిందమ్మా’ అని ఒక్క ముక్క అంటే పోయేదానికి, ఇతరుల తప్పులు పట్టిన నోటికి ఆ ముక్క పలకడం రాలేదు. ఉత్తచేతులతో వెళ్ళి తలుపు తడదామంటే అహం అడ్డమొచ్చింది.

సరిగ్గా అప్పుడు స్టేషనరీ షాపు మేడమెట్ల దగ్గర ఒక కాగితం కనిపించింది. ‘చెక్కపై కాల్చి బొమ్మలు వేయుట నేర్పబడును. కొత్తవారికి ప్రత్యేక తరగతులు.’ ఆయన దాన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాడు. ఒక్క తప్పూ దొరకలేదు. కాస్త నిరాశపడి, పైకెళ్ళి చేరిపోయాడు. తన చేత్తో ‘స్వాగతం’ అని కాల్చిన పలక కూతురి గుమ్మానికి తగిలిస్తాడు. పలక లోపలికి వెళ్తే పలక తెచ్చినవాడు బయట ఉంటాడా?

మేడ మీద గదిలో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పొడుగు బల్ల, దాని మీద వైర్లు, వైర్ల చివర ఇత్తడి మొన ఉన్న కరెంటు పెన్నులు. నేర్పే టీచరూ ఎర్రగా కాలే మొనలాంటి మనిషే, కాస్త ఎడంగా ఉండటం మంచిది. ఆవిడ ఏప్రన్ నిండా కాలిన చిల్లులే.

“పెన్సిల్లా పట్టుకోండి, పెన్సిల్ కాదని మాత్రం మర్చిపోకండి” అందావిడ. “నొక్కద్దు. కాల్చేది వేడి, మీ బలం కాదు.”

ఈయన జీవితమంతా ఎర్ర సిరాతో కాగితం చిరిగేట్టు నొక్కినవాడు. చెక్కనూ నొక్కాడు. మొదటి గీతకు అటు కొసన ఒక ఈగ, ఇటు కొసన ఒక ఈగ వాలినట్టు రెండు నల్లటి మచ్చలు పడ్డాయి.

“ఆగిన చోటల్లా మచ్చే సార్. చెయ్యి కదులుతుండగానే మొన ఆనాలి, కదులుతుండగానే ఎత్తాలి.”

“ఆగకుండా పోతే తప్పులు దొర్లుతాయమ్మా. నా సర్వీసులో...”

“ఇది సర్వీసు కాదు సార్, చెక్క. దీంట్లో మెత్తటి చోట్లుంటాయి, ఇట్టే మాడిపోతాయి. గట్టి చారలుంటాయి, అక్కడ పెన్ను మొండికేస్తుంది. చెక్క ఏం చెబుతోందో వినండి.”

కట్టుకున్న భార్య చెప్పేది వినని మనిషిని కట్టెముక్క చెప్పేది వినమంటే ఎక్కడ వింటాడు? మొదటి వారం ఆకు బొమ్మ కాల్చాడు. నడిమి ఈనె, పక్క ఈనెలు, కాడ, అన్నీ లెక్కప్రకారమే పెట్టాడు. పక్క కుర్చీలో నేర్చుకుంటున్న బ్యాంకావిడ అది చూసి, “బొద్దింక భలే వచ్చిందండీ” అంది. ఆవిడ వేళాకోళానికి అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అయినా పట్టు వదల్లేదు, ఆ మాట చెప్పుకోవాలి. సొంతంగా పెన్ను కొనుక్కొచ్చి బాల్కనీలో మకాం పెట్టాడు. పాత సొరుగు అడుగు చెక్క అయిపోయింది, విరిగిన పీట అయిపోయింది, చివరికి కూరలు తరిగే చెక్క వెనకవైపు క నుంచి ఱ దాకా కాల్చేశాడు. ఇల్లాలు ముందువైపే తిప్పుకుని తరుక్కుంది. పక్కింటామె ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, “మాడు వాసన వస్తోంది వదినా, పొయ్యి మీద ఏమైనా మర్చిపోయావా?” అంది.

“పొయ్యి మీద కాదు, బాల్కనీలో మర్చిపోయాను” అంది ఇల్లాలు.

మొత్తానికి చెయ్యి తిరిగింది. గీతలు సన్నగా, గోధుమరంగులో, మచ్చల్లేకుండా రావడం మొదలెట్టాయి. ఇక అసలు పలక. లేతరంగు చెక్క తెచ్చి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. అచ్చు కాగితం పెట్టి కార్బన్‌తో అక్షరాలు దించుకోమంది టీచరు. “ముత్యాల్లాంటి నా చేతిరాత ఉండగా కార్బన్ ఎందుకమ్మా?” అని, పెన్సిల్‌తో ఒట్టి అక్షరాల ఒడ్డూ పొడుగూ గీసుకున్నాడు. పైన పెట్టే గుర్తులు చేతికే తెలుసన్నాడు. ముందు లావు మొనతో అక్షరాల ఒంపులు కాల్చడం, మొన చల్లారాక మార్చి సన్న మొనతో తలకట్లూ దీర్ఘాలూ పెట్టడం, అక్కడి పద్ధతి అది.

ఒంపులు బ్రహ్మాండంగా వచ్చాయి. స, దాని కింద వ ఒత్తు, గ, త, సున్న. అన్నీ తలల్లేకుండా వరసగా నిలబడ్డాయి. మొన చల్లారేదాకా ఊరికే కూర్చోలేక పక్కకు తొంగిచూశాడు. బ్యాంకావిడ తన పలక మీద ‘శుభకాంక్షలు’ అని కాల్చుకుంది. ఇంకేముంది, ఈయనకు పండు ఒలిచి చేతిలో పెట్టినట్టయింది.

“అమ్మా, దీర్ఘం ఏదీ? శుభ ప్లస్ ఆకాంక్షలు, శుభాకాంక్షలు. సవర్ణదీర్ఘ సంధి. ఒక్క దీర్ఘం మింగేస్తే అర్థం మంటగలిసిపోదూ?”

“నిజంగానే మంటగలిసింది కదండీ” అని ఆవిడ బిక్కమొహం వేసింది.

సంధులన్నీ ఏకరువు పెడుతూనే సన్న మొన బిగించాడు. చెబుతూనే పలక మీద వంగాడు. తలకట్టు చూడ్డానికి టిక్కు గుర్తులాగే ఉంటుంది కదా. జీవితమంతా టిక్కులు పెట్టిన చెయ్యి, యజమాని సంధుల్లో మునిగి ఉండగా, తన పాటికి తాను స మీద ఒక టిక్కు, గ మీద ఒక టిక్కు, త మీద ఒక టిక్కు చకచకా పెట్టుకుంటూ పోయింది. ఎక్కడా ఆగలేదు. టీచరు నేర్పినట్టే, ఒక్క మచ్చ పడలేదు.

స్వాగతం కావలసింది స్వగతం అయి కూర్చుంది. ఎవరినీ పట్టించుకోకుండా తనలో తాను మాట్లాడుకోవడాన్ని ఏమంటారో, అది.

టీచరు అటుగా వచ్చి చూసింది. “సార్, ఆ మొదటి అక్షరం...”

“బాగా కుదిరింది కదూ? నీ చెక్క చెప్పింది విన్నానమ్మా.”

“కాదు సార్, దీ...”

“అక్షరాల గురించి నాకు చెప్పకమ్మా. బొమ్మల గురించి చెప్పు, వింటాను.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, “మీ ఇష్టం సార్” అని తప్పుకుంది. తన పలకలో తప్పు పట్టించుకున్న బ్యాంకావిడ కూడా చూసింది. చూసి, చాలా శ్రద్ధగా తన పలక గోక్కోవడంలో పడిపోయింది.

ఇంటికి తెచ్చి వార్నిష్ పూశాక భార్య ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని మరీ చదివింది.

“ఏమండీ, ఇది...”

“నువ్వాగు. ఆరేదాకా ముట్టుకోకు.”

ఆగింది. ఆవిడకు చదువు రాక కాదు. ఆరేదాకా ముట్టుకోలేదు, ఆరాక పాత చీరముక్కలో పసిపిల్లను చుట్టినట్టు భద్రంగా చుట్టింది. చుడుతూ ఎందుకో నవ్వుకుంది. మెచ్చుకోలు నవ్వు అనుకుని ఈయన మీసం సవరించుకున్నాడు.

ఆదివారం ఇద్దరూ బస్సు దిగి కూతురి గుమ్మం ముందు నిలబడ్డారు. తలుపు తీసింది కూతురే. తల్లిని చూసి నవ్వింది, తండ్రిని చూసి నవ్వు సగంలో ఆపింది. లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. వెనక అల్లుడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. తలుపు వేసేస్తే మళ్ళీ తట్టే ధైర్యం తనకు లేదని ఈయనకు తెలుసు. మూట చాచాడు.

కూతురు చీరముక్క విప్పి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. నిదానంగా, పైకే చదివింది.

“స్వగతం.”

అంతే. భయమూ బెంగా అన్నీ ఎగిరిపోయాయి ఆయనకు. “స్వగతం ఏమిటమ్మా! స్వా... స్వాగతం. దీర్ఘం పలకాలి. సు ప్లస్ ఆగతం, యణాదేశ సంధి. ఇన్నేళ్ళు చెప్పినా నీ నాలుకకు...”

కూతురు పలకను ఆయనవైపు తిప్పింది.

ఆయన చదివాడు. ప్రూఫు చదివినట్టు, అక్షరం అక్షరం వేలితో చూపుకుంటూ చదివాడు. స దగ్గరికి మళ్ళీ వెళ్ళి వేలు అక్కడే ఆపేశాడు. వార్నిష్ కింద తలకట్టు నిగనిగలాడుతోంది. అల్లుడు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

“నువ్వు చూడలేదా?” అన్నాడు భార్యతో.

“చూశాను. చెప్పబోతే నువ్వాగు అన్నారు, ఆగాను.”

“ఆ టీచరు...”

“ఆవిడనూ ఆగమనే ఉంటారు.”

కాదనలేక పలక వైపు చెయ్యి చాచాడు. “ఇటివ్వమ్మా, తీసుకెళ్ళి కాల్చేస్తాను” అన్నాడు.

“ఇప్పటికే కాల్చారుగా” అంది కూతురు.

ఎర్ర సిరా పడని చోటు, గరుకు కాగితం పనికిరాని చోటు ఒకటుంటుందని ఆయనకు అప్పుడు తెలిసింది. గుమ్మానికి అవతలే నిలబడి చెప్పుల వంక చూసుకున్నాడు. ఊరందరి తప్పులూ పట్టినవాడికి తన పేరు పెట్టి పిలిచినట్టే ఉంది పలక మీది ఆ ‘స్వగతం’. అది అచ్చుతప్పు కాదు. ఇన్నేళ్ళలో తన చేత్తో తాను రాసిన మొదటి నిజం అది.

“అమ్మా” అన్నాడు. “దుక్కం వస్తోందమ్మా.”

కూతురు తలెత్తింది. “విసర్గ ఏది నాన్నా?”

“పోనీలే” అన్నాడు. “రావట్లేదు.”

కూతురు తలుపుకు అడ్డం తప్పుకుంది. పలకను గుమ్మానికి తగిలించలేదు. హాల్లో మూల కుర్చీకి పైన గోడకు ఒక మేకు ఉంటే, దానికి తగిలించింది. “ఇది మీ కుర్చీ. ఇకనుంచి వచ్చినప్పుడల్లా దీనికిందే కూర్చోండి. మీ స్వగతం అక్కడ రాసుంది కాబట్టి మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చెబుతాను, వినండి.”

ఆయన కూర్చున్నాడు. ఆ పిల్ల ఎదురుగా పీట వేసుకుని మొదలుపెట్టింది. మొగుడి ఉద్యోగం పోయిన రోజు సంగతి, ఫోన్ పెట్టేశాక స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చిన సంగతి, ఇల్లు ఖాళీ చేసిన సంగతి. చెబుతూ చెబుతూ, “మళ్ళీ ఉధ్యోగం వస్తుందన్న ఆశే పోయింది నాన్నా” అంది.

ఉద్యోగంలో ఎక్కడినుంచో వచ్చి పడిన ఆ ఒత్తు ఆయన చెవిలో ముల్లులా దిగింది. నాలుక చివర దురద పుట్టింది, పెదవులు కదిలాయి. ఇల్లాలు వంటింటి గుమ్మంలోంచి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ‘నువ్వాగు’ అన్నాడాయన. లోపలే అన్నాడు, తనతోనే అన్నాడు.

“ఊఁ” అన్నాడు పైకి. “తర్వాతేమైందమ్మా?”