కాగితం మీద ముప్పై బొమ్మలు

మూడు మాసాలు పైఅధికారుల గడపలు తొక్కితే గాని శ్యామలమ్మకు ఆ తరగతి దక్కలేదు. అది 1962. అచ్చంపేట వైపు పల్లెల్లో పాట, కోలాటం, చిత్రలేఖనం నేర్పించే ఏర్పాట్లు చూడటం ఆమె ఉద్యోగం. అడవి అంచున ఉన్న పల్లెలో ఆడవాళ్లకు చిత్రలేఖన తరగతి మంజూరు చేస్తూ విద్యాధికారి కృష్ణయ్యగారు ఒక షరతు పెట్టారు: ఏడాదిలోగా కాగితం మీద వేసిన ముప్పై బొమ్మలు చూపాలి, ఒక్కటి తగ్గినా తరగతి రద్దు.

గడువుకు నెల ముందు శ్యామలమ్మ కట్టెడు కాగితాలు, తరగతి ఆడవాళ్లలో పెద్దదైన గుర్వమ్మ చేతికిచ్చి, "వీటితో మీ పనితనం చూపించండి" అని చెప్పి, వేరే పల్లెల పని మీద వెళ్లింది.

తనిఖీకి ముందురోజు వచ్చి చూస్తే, గుర్వమ్మ అరుగు నిండా గంపలు ఆరుతున్నాయి.

"కాగితాలేవి, గుర్వమ్మా?"

"గివే గద టీచరమ్మా! రెండొద్దులు నానేసినం, మెంతులేసి రోట్ల దంచినం, కుండల మీద మెత్తినం. ఎంత గట్టిగున్నయో జూడు!" అంటూ గుర్వమ్మ ఒకదాన్ని బోర్లించి, దాని మీద కూర్చుని మరీ చూపించింది.

"బొమ్మలు వేయమని కదా ఇచ్చింది!"

"పనితనం జూపెట్టుమన్నవు, జూపెట్టినం. ఒట్టి బొమ్మ మ్యాక నోట్లె పడితె మాయమాయె. గంపల బియ్యమన్న పోసుకోవచ్చు."

"రేపు బొమ్మలు కనబడకపోతే తరగతి మూసేస్తారమ్మా."

చుట్టూ చేరిన ఆడవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. ఆ తరగతి ఉందనే, వారానికొక మధ్యాహ్నం అత్తలు కోడళ్లను పనికి పిలవకుండా వదిలిపెడుతున్నారు.

గుర్వమ్మ తల గోక్కుంది. "గంపలు గూడ కాగితమే గద?"

శ్యామలమ్మ చీర కొంగు నడుముకు దోపింది. ఎర్రమట్టి జాజు, సున్నం, పసుపు, మసి వచ్చాయి. పొద్దు వాలేసరికి ముప్పై గంపల మీద నెమళ్లు, ఎడ్లబండ్లు వెలిశాయి. ఒకదాని మీద పెద్ద గొడుగు పట్టుకుని చిరచిరలాడుతున్న సన్నని స్త్రీ కూడా వెలిసింది.

మరునాడు కృష్ణయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఇవి గంపలు."

"కాగితమేనండి. గీరి చూడండి."

ఆయన గీరారు. వాసన చూసి రెండుసార్లు తుమ్మారు.

"కాగితం చదునుగా ఉండాలని తమరు ఉత్తరువులో రాయలేదండి" అంది శ్యామలమ్మ, మితిమీరిన వినయంతో.

ఆయన ఉత్తరువు తీసి ఆసాంతం చదివారు. నిజమే, రాయలేదు. మాట తప్పే మనిషి కాదాయన. ప్రతి బొమ్మకూ కార్యాలయ ముద్ర పడాలని మాత్రం రాసి ఉంది! ముద్ర, సిరా బయటికి తీసి చాప మీద చతికిలబడ్డారు.

"జర పైలం సారూ! ముద్దర నెమలి కంట్లె పడ్డది. నేను పట్టుకుంట, నువ్వు గుద్దు" అంది గుర్వమ్మ.

ముప్పయ్యోది ముగిసేసరికి ఆయన మోచేతుల దాకా సిరా. "ఈ గొడుగావిడ ఎవరు?" అని అడిగారు. శ్యామలమ్మ తన గొడుగును మెల్లగా వీపు వెనక్కు జరుపుకుంది.

తరగతి నిలిచింది. పై వారం ఆమె వచ్చేసరికి, ఇంటింటి పాత గంపలూ నెత్తిన పెట్టుకుని అత్తలే బారులు తీరి ఉన్నారు.

"మా గంపకు గూడ సర్కారు ముద్దర ఏపియ్యమ్మా! ముద్దర లేని గంపను ఎవ్వలూ గంపంటలేరు."

"తప్పకుండా" అంది శ్యామలమ్మ, హాజరు పట్టీ తెరుస్తూ. "ముందు పేర్లు చెప్పండి. ముద్ర తరగతిలో చేరినవాళ్లకే."