లెక్చరర్ గారి ఖాళీ గళ్లు

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడుతున్న రోజులవి. అప్పుడు నాకు తొర్రూరులో గాజుల దుకాణం ఉండేది. మా వీధి ఆడవాళ్లందరం మహబూబాబాద్‌లో రైలురోకోకు వెళ్లాం. పట్టాల మీద మైకు పట్టుకుని, తెలంగాణ కోసం ప్రాణమైనా ఇస్తానన్నది మా ఊరి లెక్చరర్ గారే.

పోలీసులు అందరినీ తీసుకెళ్లి ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. తలా ఒక గళ్ల కాగితం ఇచ్చి, పేరు, తండ్రి పేరు, ఊరు రాసిస్తే సాయంత్రం సొంత పూచీకత్తు మీద వదిలేస్తామన్నారు. మేమంతా రాసిచ్చాం. లెక్చరర్ ఒక్క గడీ నింపలేదు.

"నా వివరాలు నా సొంత విషయం. అడిగే హక్కు మీకు లేదు" అన్నాడు ఎస్సైతో. తర్వాత నా వైపు వంగి, "కాలేజీల తెలిస్తె నౌకరికి తిప్పలైతది, షాహీనక్కా" అని గొణిగాడు.

"పానం ఇస్తనన్నోడు బాపు పేరు ఇయ్యకపాయె" అంది నా పక్కనున్న అవ్వ.

ఎస్సై తాపీగా చెప్పాడు: "పేరు, ఊరు చెప్పకుంటే చట్టం ప్రకారం ఇడిచిపెట్టరాదు సార్. మీరెవరో తేలేదాక ఈడనే ఉండాలె. రేపు కోర్టుకు పోదాం."

కోర్టు అనగానే ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. అన్నీ రాసిస్తానన్నాడు.

"ఇగ మీ మాట ఎట్ల నమ్మాలె? మిమ్ముల ఎరిగిన గెజిటెడ్ ఆఫీసర్‌ను పిలిపియ్యిండ్రి" అన్నాడు ఎస్సై.

ఆయనను ఎరిగిన గెజిటెడ్ ఆఫీసరు కాలేజీ ప్రిన్సిపాల్ ఒక్కరే. మేం బస్సెక్కేటప్పటికి ఆయన ఆ ప్రిన్సిపాల్ కోసమే గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.

రాష్ట్రం వచ్చాక ఊళ్లో ఉద్యమకారులకు సన్మానమంటూ వివరాల కాగితాలు పంచారు. లెక్చరర్ తాత పేరు కూడా రాశాడట. ఆయన పక్కన నా పేరు ఉండటం ఇష్టం లేక, నా కాగితం ఖాళీగానే తిరిగిచ్చేశాను.