ఏనుగు అడుగు మెత్తన

వాద్యబృందంలో ఆమెది ఇరవై తొమ్మిదేళ్ళుగా వెనక వరసే. వాయించేది డబుల్ బాస్. మనిషి కన్నా ఎత్తుగా, వయొలిన్‌కి ముత్తాతలా ఉండే వాయిద్యం. పక్కన నిలబడి భుజానికి ఆనించుకుని వాయించాలి. ముందువాళ్ళు పాట నడిపిస్తుంటే కింద నుంచి దాన్ని మోసేది ఇదే. ఆగిపోతే లోటు తెలుస్తుంది గానీ, మోగినంతసేపూ దాని మీద ఎవరి ధ్యాసా ఉండదు. తోటివాళ్ళంతా ఆమెను పెద్దక్క అనేవారు.

భర్త సిటీ బస్సు డ్రైవరు. వాద్యబృందాన్ని చేతిలో పుల్లతో నడిపించే మనిషిని కూడా కండక్టరే అంటారని పెళ్ళైన కొత్తలో తెలిసి తెగ నవ్వాడు.

"బాగానే ఉంది. మనిద్దరి బతుకూ కండక్టరు చేతిలోనే. నాకు విజిలు, నీకు పుల్ల!"

అత్తగారు మాత్రం ఒక్క కచేరీకీ రాలేదు. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు జూలో ఏనుగుల షెడ్డు శుభ్రం చేసింది. కచేరీలుండే ఆదివారాలు అక్కడ ఊపిరి సలపని పని. రిటైరయ్యాక పిలిస్తే, "ఎందుకే? అంత వెనకాల నువ్వు కనపడవు, నీ వాయింపు వినపడదు. ఇంట్లోనే చూస్తున్నాగా నిన్ను" అని కొట్టిపారేసేది. ఆ మాట కోడలికి ముల్లులా గుచ్చుకునేది. అందులో అబద్ధం లేదు కాబట్టి మరీ గుచ్చుకునేది.

ఆ ఏడాది పిల్లలతో వచ్చే కుటుంబాల కోసం ఒకే రోజు రెండు కచేరీలు పెట్టారు. అన్నీ జంతువుల మీద అల్లిన సంగీతమే. ఫ్లూటుకి పిచ్చుక, క్లారినెట్‌కి పిల్లి, డ్రమ్ములకి గుర్రం దక్కాయి. ఏనుగు డబుల్ బాస్ వంతు. ఆ రెండు నిమిషాలూ పియానో తప్ప మిగతావాళ్ళంతా చేతులు ముడుచుకుని కూర్చుంటారు. అది వాయించవలసిన డబుల్ బాస్ పెద్దాయన మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళాడు. అలా ఏనుగు పెద్దక్క చేతికొచ్చింది.

కండక్టరు ఆమె కొడుకు వయసువాడు. మొదటి రిహార్సల్లో, "ఇంకా బరువుగా వాయించండి పెద్దక్కా. ధబ్, ధబ్! పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వాలి" అన్నాడు.

ఆ సాయంత్రం ముందుగదిలో సాధన చేస్తుంటే, బఠానీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది.

"ఏమిటే ఆ చప్పుడు?"

"ఏనుగు, అత్తయ్యా."

"ఏనుగా! పై వాటాలో బీరువా దించుతున్నారేమో అనుకున్నా."

కోడలికి నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. "అయితే ఏనుగు ఎలా నడుస్తుందో మీరే చెప్పండి" అంది.

అత్తగారు బఠానీల గిన్నె పక్కన పెట్టి లేచింది. గోడ పట్టుకుని, ఒక పాదం ముందుకు చాపి, నేలను తాకించి, ఒక క్షణం ఆగి, అప్పుడు ఒంటి బరువంతా దాని మీదికి తెచ్చింది.

"చప్పుడుండదే. ముందు నేల గట్టిదో కాదో చూసుకుంటుంది, ఆ తర్వాతే బరువేస్తుంది. నేను ఊడుస్తుంటే వెనకాలే వచ్చి నిలబడేది. మెడకి ఊపిరి తగిలితే గానీ తెలిసేది కాదు."

ఇన్నేళ్ళ కాపురంలో అత్తాకోడళ్ళు పని గురించి మాట్లాడుకోవడం అదే మొదలు. ఆ తర్వాత మూడు సాయంత్రాలు పాఠం సాగింది. "తొందరపడకు. దానికి పోయి అందుకోవలసిన బస్సేమీ లేదు" అని అత్తగారు మందలించేది. కోడలు కమాను తీగల మీద తేలిగ్గా వేసి, ఆగి, మెల్లగా ఒత్తేది.

ఆఖరి రిహార్సల్లో అలాగే వాయించింది. కండక్టరు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది. కానీ పిల్లలు నవ్వకపోతే?"

"పొద్దున కచేరీకి ఇలా వాయించనివ్వండి, సాయంత్రం కచేరీకి మీరు చెప్పినట్టే వాయిస్తాను, బాబూ."

పొద్దున కచేరీకి అత్తగారు వచ్చింది. కొడుకు పక్కన ఐదో వరసలో కూర్చుంది. పెద్దక్క డబుల్ బాస్‌తో వేదిక ముందుకొచ్చి నిలబడింది. ఏనుగు ఒక్కో అడుగూ చూసుకుంటూ హాలంతా నడిచింది. ఒక్కరూ నవ్వలేదు. అయిపోయాక ఓ చిన్నపిల్ల గొంతు గట్టిగా వినబడింది: "అమ్మా, ఏనుగెప్పుడొస్తుంది?" అప్పుడు నవ్వింది హాలంతా.

ఆమె మొహం కందగడ్డ అయింది.

విరామంలో కండక్టరు వచ్చాడు. "నాకు నచ్చింది, నిజంగా. కానీ..." అని నసిగాడు. "మాటంటే మాటే" అందామె.

నడవాలో అత్తగారు బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన కూలబడి, "పరువు పోయింది అత్తయ్యా" అంది కోడలు.

ఆవిడ కోడలి వైపు జరిగింది. "నువ్వు వాయిస్తుంటే మెడ తడుముకుని ఒకసారి వెనక్కి తిరిగి చూశానే" అంది. "ఏమైందమ్మా అన్నాడు మీ ఆయన. ఏం లేదురా అన్నాను."

కోడలు ఆ ముడతల చేతిని పట్టుకుంది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు, గంట మోగేదాకా.

సాయంత్రం ఆమె ధబ్ ధబ్‌మని వాయించింది. పిల్లలు కుర్చీలెక్కి ఎగిరారు. చప్పట్లకి రెండుసార్లు తల వంచవలసి వచ్చింది. అది కూడా ఆమెకు సంతోషంగానే ఉంది, లేదంటే అబద్ధమే. అత్తగారు సైతం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నెల తిరిగేసరికి పెద్దాయన వచ్చేశాడు, పెద్దక్క మళ్ళీ వెనక వరసలోకి వెళ్ళింది. కచేరీలకు రావడం మాత్రం అత్తగారు మానలేదు. వెనక వరస కనపడే కుర్చీ ఏదో కనుక్కుని ప్రతిసారీ అదే అడిగేది. సగంలో కునుకు తీసేది.

"ఎలా ఉంది అత్తయ్యా?" అని కోడలు అడిగితే, "బాగానే ఉంది గానీ, ఆ సన్నటి వయొలిన్ పిల్లకి ఇంట్లో ఎవరైనా తిండి పెడుతున్నారా?" అనేది.