మల్లన్న ముఖం మీద సిరా

మా అబ్బాయి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం విప్పగానే కొత్త అచ్చు వాసన గుప్పుమంది. అందులో శివుడు బిగుతు చొక్కా తొడుక్కుని, కండలు పొంగించి, మేడల మీదుగా ఎగురుతున్నాడు. ఎంత కొత్త ఆలోచనో అని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ పని నేను పదేళ్ల వయసులో, ఆత్మకూరు దగ్గరి మా ఊళ్లోనే చేశాను.

మేము గొల్లలం. ఎండలు ముదిరేవేళ, గొర్రెల ఉన్ని కత్తిరించి వాకిళ్లలో కుప్పలు పోసి, ఊరంతా ఆ జిడ్డు వాసన కమ్ముకున్న రోజుల్లో, మాకు మాత్రమే కథ చెప్పే కుటుంబం వచ్చేది. చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచిన పొడుగాటి బట్ట మీద, ఎర్రటి రంగులో, గడులు గడులుగా మల్లన్న కథంతా గీసిన పటం వాళ్ల దగ్గర ఉండేది. కథకుడు లింగయ్య కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడుతుంటే, మా అవ్వ చేతిలో సజ్జరొట్టె చేతిలోనే ఉండిపోయేది.

ఆ ఏడు మా పంతులు పట్నం నుంచి తెచ్చిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో, ముసుగు వేసుకుని, మెడకు గుడ్డ కట్టుకుని ఎగిరే మనిషిని చూశాను. భుజాన గొంగడి ఉండి కూడా మా మల్లన్న నేల మీదే నడుస్తున్నాడే అని దిగులు పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం లింగయ్య పటాన్ని ఎండకు పరిచి, నా ఈడువాడైన తన కొడుకు ఎల్లయ్యను కాపలా పెట్టాడు. "జర చూస్తుండు, మ్యాకలు తొక్కుతయ్. నీళ్లు తాగొస్త" అని ఎల్లయ్య నాకు అప్పగించి వెళ్లాడు. నేను సిరాబుడ్డి తెచ్చి మల్లన్న కళ్ల చుట్టూ నీలం ముసుగు వేశాను, గొంగడిని మెడకు ముడివేసి గాలిలో ఎగరేశాను, ధోవతి మీద లాగు తొడిగాను. చెడగొట్టాలని కాదు. దేవుడికి బలం చాలలేదనుకున్నాను.

లింగయ్య వచ్చి చూసి, కొడుకును "ఎవడు చేసిండ్రా?" అని అడిగాడు. ఎల్లయ్య నా వైపు ఒకసారి చూశాడు.

"నేనే బాపు."

దాన్ని స్నేహమని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కాదు. అన్నం పెట్టే ఇంటి పిల్లవాడి మీద వేలు చూపితే ఆ ఊరు తమకు దక్కదని, వాళ్ల పిల్లలకు మాటలతో పాటే నేర్పుతారు.

ఊరు ఎలాగూ దక్కలేదు. "దేవుని కండ్లకు గంతలు కట్టినంక గా పటం ముంగట మేమెట్ల కూసుంటం?" అన్నాడు కులపెద్ద అయిన మా పెదనాయిన. లింగయ్య పటాన్ని చుట్టి, కొత్తబట్ట కప్పి, శవానికి చేసినట్టే అన్నీ చేసి, కృష్ణలో కలిపాడు. మరో పటం రాయించుకోలేకపోయాడు. నేను ఒడ్డున నిలబడి అందరితో పాటు బెల్లం పలుకు తిన్నాను. పెద్దయ్యాక పెళ్లిళ్లలో, "మల్లన్నకు లాగు తొడిగిన ఎల్లిగాడు" అంటూ ఆ కథ నేనే చెప్పి జనాన్ని నవ్వించాను.

ఎల్లయ్య అక్కడ ఉంటున్నాడని విని పోయిన వారం మేళ్లచెరువు వెళ్లాను. సున్నపురాయి కొట్టి బతికిన ఎల్లయ్య మూడేళ్ల కిందటే పోయాడని అతని కొడుకు చెప్పాడు. ఆ కుర్రవాడు పటం ఎన్నడూ చూడలేదు. మా ఊళ్లో కూడా ఇప్పుడు ఆ కథ వినేవాళ్లు లేరు. అయినా కూర్చుని, జరిగిందంతా చెప్పాను.



"మా తాత సచ్చేదాంక మా నాయినతోని మాట్లాడలే, కాకా" అన్నాడు. "గిప్పుడు నాకెందుకు చెప్తున్నవ్?"