ఎల్లప్ప పాట కోసిన ఆదివారం

ఎల్లప్ప బతికున్నప్పుడు నేనతన్ని చూడనే లేదు. అతని పాట కోసింది మాత్రం నేనే, ఈ చేతులతోనే.

మాదన్నపేట పిల్లవాడు. తల్లి రాహేలు దవాఖానాలో ఆయా. మిషన్ బడిలో అతనికి ఇంగ్లీషు వంటబట్టింది, గిటారు చేతికొచ్చింది. ఇంగ్లీషు పాటలు తానే రాసి, తానే బాణీ కట్టి, అబిడ్స్‌లో ఒక హోటల్లో పాడేవాడు. మద్రాసు సినిమావాళ్లు రెండు బొమ్మల్లో క్లబ్బు డాన్సు గుంపులో వెనకాల నిలబెట్టారు. మూడోదాంట్లో, డెబ్భై నాలుగులో, అతని పాటే అతనిచేత పాడించారు. మూడు నిమిషాలు. ఆ బొమ్మ విడుదల కాకముందే కామెర్లొచ్చి అక్కడే పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు.

ఈ కథంతా నాకు తర్వాత తెలిసింది. నేను ఉస్మాన్‌గంజ్ దగ్గర టాకీసులో ఆపరేటర్ను. ఆ బొమ్మ వారమాడింది. ఆఖరి రోజు ఆదివారం. నాలుగాటల చోట అయిదు పట్టేలా బొమ్మను అక్కడక్కడా కోయాలని మేనేజరు పట్టు.

"గా ఇంగ్లీషు లొల్లి ఎవనికి సమజైతది అంజన్నా? కొయ్యి" అన్నాడు.

నాకూ అదే సబబనిపించింది, సిగ్గులేని నాకు. పొద్దున్నే కోసి చెత్తబుట్టలో పారేశాను.

మ్యాట్నీ వదిలాక, చర్చికి కట్టుకున్న తెల్లచీరతో ఒక ముసలామె రొప్పుతూ మెట్లెక్కి నా గదికొచ్చింది.

"బిడ్డా, మా ఎల్లప్ప పాట రాలే. రెప్ప కొట్టకుండ చూసిన."

కొడుకు సంగతంతా అప్పుడే చెప్పింది. "ఇంట్ల పాడితే సైతాను పాటలని గిటారు బయట పారేసిన. గందుకే అలిగి పోయిండు. ఒక్క పాటన్న నిమ్మలంగ ఇనలే బిడ్డా. గిప్పుడన్న ఇందామని వచ్చిన."

అయ్యో పాపిష్టివాణ్ణి! బుట్ట దగ్గరికి ఉరికాను. ఖాళీ. ఊడ్చే నీలమ్మ అప్పటికే చెత్తంతా తగలబెట్టేసింది. గోడవారన బెత్తెడు ఫిల్ము ముక్క దొరికింది. తుడిచి ఆమె చేతిలో పెట్టి, నేనే కోశానని చెప్పాను.

ఆమె తిట్టలేదు. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసింది.

"వీడే. నోరు తెరిచిండు... ఏమని పాడుతుండు? వారమంత ఇన్నవు గదా, చెప్పు బిడ్డా."

ఆ పాట వచ్చినప్పుడల్లా నేను బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయేవాణ్ణి.