వడ్డీ లేని బాకీ

పరమేష్ వేళ్లకు బూడిద అంటుకుని ఉంది. మగ్గం మీద మిగిలిన పాత పోగు కొసనూ, కొత్త వార్పు పోగు కొసనూ కలిపి రెండు వేళ్ల మధ్య నలిపితే అతుకు పడుతుంది. అలాంటివి నాలుగు వేలకు పైగా వేయాలి. భార్య ఉమారాణి ఎదురుగా కూర్చుని పోగులు విడదీసి అందిస్తోంది. ఏడు చీరలకు సరిపోయే నిలువు పోగుల వార్పు అది. పట్టు సేటు గోపయ్యది, డిజైనూ ఆయనదే. వీళ్లది కూలి.

ఇళ్ల మీద లోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీ మనిషి నరేశ్ గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

"అన్నా, జర చెయ్యి ఆపి ఇనరాదే."

"చెయ్యి ఆగితే పొద్దు పోతది. నువ్ చెప్పు, చెవులు ఖాళీగనే ఉన్నయ్."

నరేశ్ కాగితం తీసి చదివాడు. ఉమారాణి పేరు మీద రెండు మహిళా గ్రూపుల్లో తొంభై వేలు. బంగారం కుదువపెట్టిన బాకీ డెబ్బై అయిదు వేలు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష. గోపయ్య దగ్గర అడ్వాన్సు లక్షా ఇరవై వేలు. దానికి వడ్డీ లేదు, చీరకు వెయ్యి చొప్పున కూలిలో కోసుకుంటాడు. అన్నిటికీ కలిపి నెలకు పదమూడు వేల దాకా పోతున్నాయి.

"ఇల్లు కుదువపెట్టి నాలుగు లక్షలు తీస్తే, ఖర్చులు పోను మూడు లక్షల ఎనభై అయిదు వేలు చేతికొస్తయ్. అన్నీ సాఫ్. పదేండ్లు నెలకు ఆరువేల నాలుగొందల యాభై. ఒక్కటే కిస్తు, ఒక్కటే తారీఖు."

ఉమారాణి తల ఎత్తకుండానే అంది. "గోపయ్య మామది ఇడిచిపెట్టి మిగిలినయి కట్టేద్దాం. తక్కువే తీసుకుందాం. వడ్డీ లేని దాన్ని వడ్డీల కలుపుతరా ఎవరన్న?"

పరమేష్ ఇంకో అతుకు నలిపాడు. పోయిన వేసవిలో ఓ పెళ్లి బంతిలో గోపయ్య పదిమంది ముందు నవ్వుతూ అన్న మాట అతని చెవిలోంచి పోలేదు. "మా పరమేషుకు ఇంకింత పప్పు ఎయ్యుండ్రి. గది గూడ నా ఖాతాలనే రాస్త." బంతి అంతా నవ్వింది. పరమేష్ కూడా నవ్వాడు.

"కడితే ముందు మామదే కడత," అన్నాడు చివరికి.

"పౌరుషం కిస్తు కడతదా?" అని ఉమారాణి మళ్లీ పోగులు విడదీసింది. మర్నాడు సంతకం మాత్రం ఇద్దరూ చేశారు.

రెండో చీర మగ్గం మీద ఉండగా డబ్బు వచ్చింది. పరమేష్ ఉతికిన చొక్కా వేసుకుని గోపయ్య ఇంటికి వెళ్లి నోట్ల కట్టలు బల్ల మీద పెట్టాడు. గోపయ్య రెండుసార్లు లెక్కపెట్టి, ప్రామిసరీ నోటు తీసి చింపేశాడు.

"శభాష్ అల్లుడా. ఇగ నీకు నేను మామనే, సేటును గాను."

ఆ మాట పరమేష్‌కు తియ్యగా తగిలింది. వచ్చేటప్పుడు పావుకిలో జిలేబీ తెచ్చాడు.

అయిదో చీర కోసి ఇచ్చిన రోజు తర్వాతి వార్పు సంగతి అడిగాడు. గోపయ్య పెదవి విరిచాడు.

"మన డిజైన్లనే ప్రింటు కొట్టి అయిదొందలకు అమ్ముతుండ్రు. సరుకు కదులుతలేదు. ఉన్న నాలుగు వార్పులు నాకు బాకీ ఉన్నోళ్లకే ఇయ్యాలె. ఆళ్ల మగ్గాలు ఆగితే నా పైసలు ఎట్ల వసూలైతయ్?"

"నేను ఒక్క దెబ్బకు కట్టిన గదనే మామా."

"గందుకే," అన్నాడు గోపయ్య. ఆ గొంతులో కోపం లేదు.

ఊళ్లో ఇంకో ఇద్దరు సేట్లను అడిగాడు. వాళ్లకూ బాకీ ఉన్న మగ్గాలు ఉన్నాయి. ముందు వాటిని ఆడించాలన్నారు. ఒకడైతే అనుమానంగా చూశాడు. "గోపయ్య నిన్నెందుకు ఇడిచిండు?"

మొదటి కిస్తు కూలిలోంచి పోయింది. ముందు పని లేదని కూలి తిండికి దాచుకుని, రెండోది ఉమారాణి తమ్ముడి దగ్గర తెచ్చి కట్టారు. అది కొత్త బాకీ.

"చౌటుప్పల్ దిక్కు కంపెనీల వాచ్‌మెన్లు కావాల్నట," అంది ఉమారాణి ఓ సాయంత్రం. నేను ముందే చెప్పలేదా అని మాత్రం ఒక్కసారీ అనలేదు. అంటే బాగుండునని పరమేష్‌కు అనిపించింది.

ఏడో చీర దగ్గర అతను ఇంకా నిదానించాడు. నాలుగైదు పోగులు పడగానే ఆగి, నిలువు పోగు రంగుకు అడ్డంగా పడిన పేక రంగు సరిగ్గా తగిలిందో లేదో చూసి, సూదితో పేకను వెంట్రుకంత జరిపేవాడు.

"గంత సూసుడెందుకు? గాయన మళ్ల పిలుస్తడా?"

"చీర గాయన కట్టుకుంటడా?"

ఆమె పేక పట్టును కండెలకు చుట్టి పెట్టింది.

మొదలుపెట్టిన తొమ్మిదో రోజు చీర కోసి, మడతపెట్టి, తెల్లగుడ్డలో చుట్టి గోపయ్య ఇంటికి తీసుకెళ్లాడు. గోపయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తిరగేసి చూశాడు. కొంగు దగ్గర వేలు పెట్టి చివరిదాకా లాగాడు. తప్పు దొరకలేదు. కూలి డబ్బులు బల్ల మీద పెట్టి, చీరకు నంబరు చీటీ కట్టి, బీరువాలో పెట్టి తలుపు వేశాడు.

"పని మంచిగున్నది," అన్నాడు.

పరమేష్ తెల్లగుడ్డ మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.